సంస్కృత కృదంతాలు, హిందీ కృదంతాలు: పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

హిందీ నేర్చుకునే తెలుగువాళ్లను బాగా తికమకపెట్టేవి "మైనే కథా పఢీ" (నేను కథ చదివాను) లాంటి వాక్యాలు. చదివింది మగవాడైనా క్రియ స్త్రీలింగంలో ఉంటుంది. రాష్ట్రభాష, ప్రవీణ పరీక్షలకు చదివినవాళ్లు "కర్త పక్కన నే వస్తే క్రియ కర్మను అనుసరిస్తుంది" అని బట్టీ పట్టి ఉంటారు. ఎందుకు అనుసరిస్తుందంటే మాత్రం హిందీ లోపల వెతికితే జవాబు దొరకదు. పక్కన "మయా కథా పఠితా" అనే సంస్కృత వాక్యం పెట్టి చూడండి. 'పఠితా' అంటే 'చదవబడినది', అంటే అది కథకు విశేషణం. కథ స్త్రీలింగం కాబట్టి విశేషణమూ స్త్రీలింగమే. హిందీలో 'పఢీ' ఆ పాత విశేషణానికి వారసురాలు. అది క్రియగా మారినా విశేషణం అలవాటు మానలేదు.

ఈ వ్యాసం ఇలాంటి పోలికలు మీరే సొంతంగా చేసుకోవడానికి. ఒకవైపు పాణిని వర్ణించిన సంస్కృతం, మరోవైపు ఇవాళ్టి ప్రామాణిక హిందీ. పోల్చేది అసమాపక క్రియలను, అంటే వాక్యాన్ని ముగించకుండా మరో క్రియ మీదో నామం మీదో ఆనుకునే రూపాలను. సంస్కృతంలో ధాతువుకు తిఙ్ ప్రత్యయాలు చేరితే సమాపక క్రియ, కృత్ ప్రత్యయాలు చేరితే కృదంతం. మనకు కావలసింది కృదంతాలు.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. చాలా పుస్తకాలు "క్త్వా = కర్, శతృ = తా, తుమున్ = నా" అని మూడు సమీకరణాలు ఇచ్చి వదిలేస్తాయి. ఇవి సగమే నిజం. ఒక రూపం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. పాత రూపం చేసిన పనిని ఇప్పుడు ఏ రూపం చేస్తోందన్నది వేరే ప్రశ్న. రెండు వేల ఏళ్లలో రూపాలు ఒక దారిన పోయాయి, పనులు ఇంకో దారిన పోయాయి. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేస్తే పోలిక మొదట్లోనే చెడిపోతుంది.

మొదటి మెట్టు: మీకు ముందే తెలిసిన పేర్లను వాడుకోండి

తెలుగు బడిలో చదివినవాళ్లకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. సంక్లిష్ట వాక్యాల పాఠంలో 'చేసి' క్త్వార్థకం, 'చేస్తూ' శత్రర్థకం, 'చేయడానికి' తుమున్నర్థకం అని నేర్చుకున్నాం కదా. ఆ పేర్లన్నీ పాణిని ప్రత్యయాల పేర్లే. క్త్వా ప్రత్యయం ఇచ్చే అర్థం ఇస్తుంది కాబట్టి 'చేసి' క్త్వార్థకం అయింది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనూ క్త్వార్థకం అన్న మాటే వాడాడు. తెలుగు ద్రావిడ భాష కాబట్టి 'చేసి'కి క్త్వాతో పుట్టుక సంబంధం ఏమీ లేదు, పని ఒకటే కావడం వల్ల ఆ పేరు పెట్టారు. అంటే రూపాన్నీ పనినీ విడదీసి చూడటం మన వ్యాకరణ సంప్రదాయంలో ఎప్పటి నుంచో ఉంది. అదే పద్ధతిని హిందీకి వర్తింపజేస్తే చాలు.

రెండో మెట్టు: ప్రతి వాక్యాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి

నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండుగా మడిచి ఎడమవైపు సంస్కృత వాక్యం, కుడివైపు హిందీ వాక్యం రాసుకోండి. ప్రతి కృదంతం కింద గీత గీసి ఈ నాలుగూ రాయండి: ఇది ఏ ప్రత్యయంతో ఏర్పడింది? వాక్యంలో ఏ పని చేస్తోంది (ముందు జరిగిన పని, ఏకకాలంలో జరిగే పని, ప్రయోజనం, విశేషణం)? దీని కర్త ఎవరు, ఏ విభక్తిలో ఉన్నాడు? లింగవచనాలు మారితే ఎవరిని బట్టి మారుతున్నాయి?

ఎక్కువమంది మూడో ప్రశ్నను వదిలేస్తారు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

మూడో మెట్టు: క్త్వాతో మొదలుపెట్టండి

"స్నాత్వా భుంక్తే" అంటే స్నానం చేసి తింటున్నాడు. హిందీలో "నహాకర్ ఖాతా హై". పాణిని సూత్రం (3.4.21, అంటే అష్టాధ్యాయిలో మూడో అధ్యాయం, నాలుగో పాదం, 21వ సూత్రం) "సమానకర్తృకయోః పూర్వకాలే". రెండు పనులకూ కర్త ఒక్కడే అయి ఉండాలి, ముందు జరిగిన పనికి క్త్వా రావాలి. ధాతువు ముందు ఉపసర్గ ఉంటే క్త్వాకు బదులు ల్యప్ వస్తుంది: గత్వా, కానీ ఆగత్య, జిత్వా, కానీ విజిత్య. వ్యతిరేకార్థంలో వచ్చే అ- మాత్రం ఉపసర్గ లెక్కలోకి రాదు, అందుకే 'అకృత్వా' అనే అంటాం. హిందీలో ఈ తేడాలేవీ లేవు, ఏ ధాతువుకైనా కర్ తగిలిస్తే సరిపోతుంది. 'కర్' ధాతువుకే తగిలించాల్సి వస్తే 'కర్‌కే' అంటారు. 'అకృత్వా' చేసే పనిని హిందీలో 'కియే బినా' చేస్తుంది.

"కర్త ఒక్కడే" అన్న షరతును జాగ్రత్తగా చదవండి. కర్త ప్రథమావిభక్తిలో ఉండాలని పాణిని అనలేదు. "రామేణ వనం గత్వా రావణః హతః" అన్న వాక్యంలో ప్రథమలో ఉన్నది రావణుడు. అడవికి వెళ్లినవాడూ చంపినవాడూ మాత్రం తృతీయలో ఉన్న రాముడే. వాక్యం పూర్తిగా సరైనది. హిందీలోనూ ఇంతే: "రామ్ నే వన్ జాకర్ రావణ్ కో మారా". 'జాకర్' చూసేది పని చేసినవాడెవరన్నదే, అతని పక్కన నే ఉందా లేదా అని కాదు.

మరి కర్త షష్ఠిలో ఉంటే? గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు "దృష్ట్వేమం స్వజనం కృష్ణ... సీదంతి మమ గాత్రాణి" అంటాడు. చూసింది అర్జునుడు, సడలింది అవయవాలు. కర్తలు వేరు, అర్జునుడు కనిపించేది 'మమ'లోనే. ఇలాంటి చోట్ల వ్యాఖ్యాతలు 'స్థితస్య' లాంటి మాటను అధ్యాహారం చేసుకుని (వాక్యంలో లేకున్నా ఉన్నట్టు ఊహించుకుని) సమర్థిస్తారు. హిందీకి ఆ ఇబ్బంది లేదు: "స్వజనోం కో దేఖ్‌కర్ మేరే అంగ్ శిథిల్ హో రహే హైం", "యహ్ సున్‌కర్ ముఝే దుఖ్ హువా". అనుభవించేవాడు ఒక్కడే అయితే చాలు.

ఇక్కడ తెలుగువాళ్లు ఒక పొరపాటు చేస్తారు. "వానలు బాగా కురిసి పంటలు బాగా పండాయి" అని మనం హాయిగా అంటాం. కురిసింది వాన, పండింది పంట, కర్తలు వేరైనా 'కురిసి' నడుస్తుంది. దాన్ని అలాగే "బారిష్ హోకర్ ఫసల్ అచ్ఛీ హుయీ" అంటే హిందీవాళ్ల చెవికి గుచ్చుకుంటుంది. "బారిష్ అచ్ఛీ హోనే సే" అనాలి. సంస్కృతంలో అయితే క్త్వా పూర్తిగా పక్కకు తప్పుకుని సతి సప్తమికి (మొదటి పని కర్తనూ కృదంతాన్నీ సప్తమీ విభక్తిలో పెట్టే పద్ధతికి) చోటిస్తుంది: "దేవే వృష్టే సస్యాని నిష్పన్నాని". క్త్వార్థకం కర్తల విషయంలో మూడు భాషల్లోకీ తెలుగే ఎక్కువ ఉదారంగా ఉంది. తెలుగు నుంచి హిందీలోకి అనువాదం చేసేటప్పుడు 'ఇ'తో ముగిసే ప్రతి క్రియ దగ్గరా ఆగి కర్తను సరిచూసుకోండి.

ఇక రూపం సంగతి. 'కర్' క్త్వా నుంచి పుట్టలేదు. పుట్టుక ల్యప్ వైపు నుంచి. సంస్కృతంలో ఉపసర్గ ఉంటేనే వచ్చే -య, శౌరసేనీ వంటి ప్రాకృతాల్లో (సంస్కృతం తర్వాతి దశ భాషల్లో) ఉపసర్గ లేని ధాతువులకూ -ఇఅగా వ్యాపించింది. ప్రాకృతాల తర్వాతి దశ అయిన అపభ్రంశంలో అది పొట్టి -ఇ అయింది. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు తన వ్యాకరణంలో అపభ్రంశానికి ఇచ్చిన క్త్వా ఆదేశాల్లో ఈ 'ఇ' ఉంది. బ్రజ్, అవధీ కవిత్వంలో 'దేఖి', 'సుని', 'కరి' అని కనిపించేవి ఇవే. ప్రామాణిక హిందీకి ఆధారమైన ఖడీబోలీలో ఆ చివరి ఇకారం కూడా రాలిపోయి 'దేఖ్', 'సున్' అనే వట్టి ధాతువు మిగిలింది. ఇది అసమాపక క్రియ అని తెలియజేయడానికి దాని పక్కన 'కర్' నిలబడింది. ఈ 'కర్' కూడా 'కరి' ఇకారం పోగొట్టుకున్న రూపమే. అంటే 'దేఖ్‌కర్'లో క్త్వార్థకాలు రెండు, వాటిలో ఒక్కదానికీ ప్రత్యయం మిగల్లేదు.

ఈ వట్టి ధాతువు ఇంకోచోట కూడా దాక్కుంది. 'ఖా లియా', 'దే దియా', 'సో గయా' లాంటి జంట క్రియల్లో మొదటి భాగం పాత క్త్వార్థకమే. తెలుగులో 'తినేశాడు' విడదీస్తే 'తిని వేశాడు' వచ్చినట్టే ఇదీ. మనకు 'తిని'లో ఇకారం ఇంకా కనిపిస్తోంది, హిందీలో కనిపించదు.

ఒక మొండి మినహాయింపు కూడా దీంతో విడిపోతుంది. సకర్మక క్రియకు భూతకాలంలో నే రావాలి కదా, మరి "వహ్ కితాబ్ లాయా" అని నే లేకుండా ఎందుకంటారు? 'లానా' అంటే 'లే ఆనా', అంటే 'తీసుకొని రావడం'. అసలు క్రియ 'ఆనా', అది అకర్మకం, దానికి నే రాదు. తెలుగు 'తీసుకొచ్చాడు' కూడా 'తీసుకొని వచ్చాడు' కదా, సరిగ్గా అదే కట్టుబడి. మినహాయింపు అని బట్టీ పట్టినదానికి కారణం దొరికితే ఇక మర్చిపోలేం.

నాలుగో మెట్టు: క్త ప్రత్యయం, దాని వెంట నే

హిందీ భూతకాలపు -ఆ రూపాలు (పఢా, కియా, గయా) సంస్కృత క్తాంతాల నుంచి దిగాయి: కృత నుంచి కియా, గత నుంచి గయా. సంస్కృతంలో క్త ప్రధానంగా కర్మను గాని భావాన్ని (వట్టి పనిని) గాని చెప్తుంది (3.4.70). కర్త తృతీయకు వెళ్తాడు (2.3.18). "మయా గ్రంథః పఠితః", "మయా కథా పఠితా", "మయా పుస్తకం పఠితమ్": కర్మ మారిన కొద్దీ క్రియ మారుతుంది, కర్త ఆడో మగో అన్న ప్రశ్నే లేదు.

ఇప్పుడు 3.4.72 సూత్రం చూడండి. "గత్యర్థాకర్మక..." అని మొదలవుతుంది. గమనాన్ని చెప్పే ధాతువులకు, అకర్మక ధాతువులకు, మరికొన్నింటికి క్త కర్తనూ చెప్పగలదు. అందుకే 'రామః గతః', 'సీతా సుప్తా', 'బాలకః ఉత్థితః'. హిందీలో 'రామ్ గయా', 'సీతా సోయీ', 'లడ్కా ఉఠా'. ఎక్కడా నే లేదు, క్రియ కర్తతో పోతుంది. 'నే' నియమమని మనం చదివేదానికి పునాది ఈ రెండు సూత్రాల్లోనే ఉంది. 'గ్రామం గతః' అన్నప్పుడు గ్రామం కర్మే అయినా గమనార్థక ధాతువు కాబట్టి కర్త ప్రథమలో ఉంటాడు. 'గాఁవ్ గయా'లోనూ నే రాకపోవడానికి కారణం ఇదే.

హిందీలో 'ఛీంక్‌నా', 'ఖాఁస్‌నా' అకర్మకాలైనా "లడ్కీ నే ఛీంకా", "లడ్కీ నే ఖాఁసా" అంటారు. క్రియ పుంలింగ ఏకవచనంలో నిలిచిపోతుంది. సంస్కృతంలో భావార్థంలో వచ్చే 'తయా హసితమ్' గుర్తొస్తుంది కదా? అక్కడ కూడా క్రియ ఎవరితోనూ కలవక నపుంసక ఏకవచనంలో ఉంటుంది. హిందీలో నపుంసకలింగం పోయింది కాబట్టి ఆ పని పుంలింగం చేస్తోంది.

తేడా వచ్చేది కర్మకు 'కో' తగిలినప్పుడు. క్తతో చెప్పాలంటే "రామేణ సీతా దృష్టా" అనడం తప్ప సంస్కృతానికి దారి లేదు. హిందీలో "రామ్ నే సీతా కో దేఖా" అంటారు, 'దేఖీ' అనరు. కో వచ్చాక కర్మ కూడా క్రియ చేయి వదిలేస్తుంది. పాత కర్మణి ప్రయోగం క్రమంగా కర్తరి వైపు జరిగిందనడానికి ఇది మంచి సాక్ష్యం. ఆ ప్రయాణంలో ఇంకా ముందుకు పోయినది హైదరాబాద్ దక్ఖినీ. అక్కడ "మై రోటీ ఖాయా" అని తరచుగా వింటాం. నే లేదు, క్రియ కర్తతోనే పోతోంది. దాన్ని తప్పు హిందీ అని తీసిపారేయకండి. ఒక మార్పు మన కళ్ల ముందు నడుస్తుంటే చూసే అవకాశం అది.

నే అన్న రూపం గురించి ఒక హెచ్చరిక. 'రామేణ'లోని -ఏన తిరగబడి నే అయిందని తేలిగ్గా చెప్పేస్తుంటారు. -ఏన అపభ్రంశం నాటికే -ఏఁ దాకా అరిగిపోయింది, నే పుట్టుకపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. వాక్య నిర్మాణం సంస్కృతం నుంచి వచ్చిందని ధైర్యంగా రాసుకోండి. విభక్తి రూపం గురించి అలా రాయకండి.

క్త పక్కనే క్తవతు ఉంది: "బాలకః పత్రం లిఖితవాన్". ఇది కర్తను చెప్పే భూత కృదంతం. హిందీకి దీని వారసత్వం దక్కలేదు, ఆ లోటు ఇప్పటికీ తెలుస్తుంది. "ఉత్తరం రాసిన అబ్బాయి" అని తెలుగులో అంటాం. సంస్కృతంలో 'పత్రం లిఖితవాన్ బాలకః' అనొచ్చు. హిందీలో "చిట్ఠీ లిఖా లడ్కా" కుదరదు, "జిస్ లడ్కే నే చిట్ఠీ లిఖీ" అని 'ఎవరైతే... వాళ్లు' తరహా యత్-తత్ వాక్యం కట్టాలి. "మేరీ లిఖీ చిట్ఠీ" అయితే కుదురుతుంది, ఎందుకంటే చిట్ఠీ కర్మ. 'పఢా-లిఖా ఆద్మీ' లాంటివి నిలిచిపోయిన పలుకుబడులు, వాటిని చూసి నియమం చేసుకోవద్దు.

ఐదో మెట్టు: శతృ ప్రత్యయం, లింగ పరీక్ష

సంస్కృత గచ్ఛన్, కుర్వన్ రూపాల్లో దాగిన -అంత్, ప్రాకృతంలో -అంత అయి, హిందీలో -తా అయింది. కరంత, తర్వాత కర్తా. ఇంతవరకు సూటిగానే ఉంది. అయితే ఈ -తా విశేషణంగా ఉండిపోక "కర్తా హై" అంటూ వర్తమానకాల సమాపక క్రియ అయిపోయింది. అక్షరాలా చూస్తే 'చేస్తూ ఉన్నాడు'. తెలుగు 'చేస్తున్నాడు' కూడా 'చేస్తూ ఉన్నాడు' కుదించుకుపోయినదే కాబట్టి మనకు వింతగా అనిపించదు.

మరి అసలు సంస్కృత వర్తమానం 'చలతి' ఏమైంది? అది ప్రాకృతంలో 'చలఇ' అయి, హిందీలో 'చలే' అయింది. ఇప్పుడు 'నడవనీ', 'నడిస్తే' అన్న అర్థంలో బతుకుతోంది. తిఙంతం కాబట్టి దానికి లింగం లేదు: లడ్కా చలే, లడ్కీ చలే. దానికి 'గత' నుంచి వచ్చిన -గా తగిలితే భవిష్యత్తు: చలేగా, చలేగీ. తోకలో కృదంతం ఉంది కాబట్టి తోక మాత్రమే లింగాన్ని చూపిస్తుంది.

దీన్నుంచి ఒక పరీక్ష వస్తుంది. హిందీ క్రియలో ఏ ముక్క లింగాన్ని బట్టి మారుతుందో ఆ ముక్కలో పాత కృదంతం ఉంది. మారనిది పాత తిఙంతం కావచ్చు. 'హై' మారదు, 'థా/థీ' మారుతుంది ('థా'ను సాధారణంగా 'స్థిత'తో ముడిపెడతారు). 'జాతీ హై'లో సగం మారుతుంది, సగం మారదు. ఏదైనా హిందీ పేరా తీసుకుని ఈ పరీక్ష పెట్టి చూడండి. హిందీ కాలాల్లో చాలావరకు కృదంతాల మీద నిలబడి ఉన్నాయని తెలుస్తుంది. నా ఉద్దేశంలో ఈ రెండు భాషలను పోల్చేవాళ్లు మొదట పట్టుకోవాల్సిన విషయం ఇదే.

విశేషణంగా శతృ చేసిన పాత పనిని ఇప్పుడు 'హువా' సాయంతో చేస్తున్నారు: 'హఁస్తీ హుయీ లడ్కీ'. దీనితోపాటు లింగవచనాలు మారని 'హఁస్తే హుయే' కూడా ఉంది. సంస్కృతంలో ఇలా బిగుసుకుపోయిన రూపం లేదు, శత్రంతం ఎప్పుడూ తన విశేష్యంతో లింగ వచన విభక్తులు మూడింటా కలుస్తుంది. ఆ కలయిక ఎంత ఉపయోగమో ఈ జంటలో చూడండి. "మైనే జాతే హుయే రామ్ కో దేఖా" అంటే వెళ్తున్నది నేనా, రాముడా? సందర్భం చూసుకోవాల్సిందే. "గచ్ఛన్ రామమ్ అపశ్యమ్" అంటే వెళ్తున్నది నేను. "గచ్ఛంతం రామమ్ అపశ్యమ్" అంటే వెళ్తున్నది రాముడు. సంస్కృతం ఒక్క విభక్తితో తేల్చిన చిక్కును హిందీ మాటల వరుసకూ సందర్భానికీ వదిలేసింది.

ఆరో మెట్టు: తుమున్ పని నాలుగు ముక్కలైంది

వేదంలో తుమర్థంలో ఎన్నో ప్రత్యయాలు ఉండేవి. లౌకిక సంస్కృతంలో తుమున్ ఒక్కటే మిగిలింది. హిందీకి అదీ రాలేదు. 'భోక్తుమ్'లోని -తుమ్‌కు ప్రామాణిక హిందీలో వారసుడు లేడు. పని మాత్రం మిగిలింది, దాన్ని పంచుకున్నారు.

ప్రయోజనార్థం (3.3.10): "భోక్తుం వ్రజతి" అంటే "ఖానే జాతా హై". వివరంగా చెప్పాలంటే 'ఖానే కే లియే'.
కోరిక (3.3.158): "భోక్తుమ్ ఇచ్ఛతి" అంటే "ఖానా చాహతా హై".
సామర్థ్యం (3.4.65): "భోక్తుం శక్నోతి" అంటే "ఖా సక్తా హై". ఇక్కడ వట్టి ధాతువు.
ఆరంభం (అదే సూత్రం): "భోక్తుమ్ ఆరభతే" అంటే "ఖానే లగ్తా హై".

సంస్కృతంలో నాలుగింటికీ ఒకే రూపం. హిందీలో ఖానే, ఖానా, ఖా. అందుకే "తుమున్ = నా" అన్న సమీకరణం పనికిరాదు. పరీక్షలో 'ఖానా సక్తా హై' అని రాసి మార్కులు పోగొట్టుకునేది ఇలాంటి సమీకరణాల వల్లే.

కోరిక దగ్గర మళ్లీ కర్త ప్రశ్న వస్తుంది. పాణిని అక్కడ కూడా 'సమానకర్తృకేషు' అన్నాడు. కోరేవాడూ చేసేవాడూ ఒకరే అయితేనే తుమున్. నువ్వు వెళ్లాలని నేను కోరుకుంటే హిందీ "మై చాహతా హూఁ కి తుమ్ జావో" అని వాక్యాన్ని విడగొడుతుంది. సంస్కృతమూ తుమున్ వదిలేసి 'తవ గమనమ్ ఇచ్ఛామి' లాంటి మార్గం వెతుక్కుంటుంది. షరతు రెండు భాషల్లోనూ చెక్కుచెదరలేదు.

-నా పుట్టుక గురించి: పఠనమ్, గమనమ్ లాంటి మాటల్లో ఉన్న ల్యుట్ ప్రత్యయపు -అనతో దాన్ని ముడిపెట్టేవాళ్లు ఎక్కువ. 'చేయదగిన' అనే అర్థమిచ్చే -అనీయతో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. తర్వాతి మెట్టు చూస్తే ఆ రెండో ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది.

ఏడో మెట్టు: చేయాల్సిన పనులు

"మయా గీతా పఠితవ్యా" లేదా 'పఠనీయా'. హిందీలో "ముఝే గీతా పఢ్‌నీ హై". రెండుచోట్లా రూపం గీతతో కలిసి స్త్రీలింగమైంది. కర్త విషయంలోనే తేడా. సంస్కృతంలో కర్త తృతీయలో గాని షష్ఠిలో గాని ఉండొచ్చు (2.3.71), హిందీలో 'కో' ఉండాలి. తెలుగులో మనం "నేను గీత చదవాలి" అని ప్రథమ వాడతాం. అందుకే తెలుగువాళ్ల నోట "మై జానా హై" అని వచ్చేస్తుంది. మూడు భాషలను మూడు గళ్లలో రాసుకుని కర్త విభక్తిని ఎర్ర ఇంకుతో దిద్దుకుంటే ఈ అలవాటు తొందరగా పోతుంది.

తవ్య ప్రత్యయం పూర్తిగా చచ్చిపోలేదు. ప్రామాణిక హిందీలో లేదుగానీ తూర్పున అవధీ 'కరబ్', బెంగాలీ 'కోర్బో' రూపాల్లో భవిష్యత్తు కాలంగా బతికే ఉంది. 'చేయాల్సినది' కాస్తా 'చేస్తాను' అయింది.

ఎనిమిదో మెట్టు: సతి సప్తమి, ద్విరుక్తులు

కర్తలు వేరైనప్పుడు సంస్కృతం వాడేది సతి సప్తమి (2.3.37). "సూర్యే అస్తం గతే గోపాలాః గృహమ్ ఆగచ్ఛన్". హిందీలో "సూరజ్ డూబ్‌తే హీ గ్వాలే ఘర్ లౌట్ ఆయే". హిందీ వ్యాకరణాల్లో దీన్ని తాత్కాలిక కృదంతం అంటారు. 'మేరే జాతే హీ', 'పితాజీ కే రహతే' అన్నప్పుడు కర్తకు షష్ఠి వస్తుంది. సంస్కృతంలోనూ అనాదరం చెప్పాల్సి వస్తే షష్ఠి రావచ్చు (2.3.38). ఏడుస్తున్నా లెక్కచేయక సన్యసించాడు అనడానికి సంప్రదాయ ఉదాహరణ "రుదతః ప్రావ్రాజీత్". హిందీ షష్ఠిలో ఆ అనాదరం అర్థం లేదు. కాబట్టి పోలిక చూపించండి, వంశవృక్షం మాత్రం గీయకండి.

మళ్లీ మళ్లీ చేసే పనికి సంస్కృతంలో ణముల్ ఉంది, 'స్మారం స్మారం'. అదే సూత్రం (3.4.22) 'స్మృత్వా స్మృత్వా' అనడానికీ ఒప్పుకుంటుంది. హిందీలో 'సోచ్-సోచ్‌కర్', 'చల్‌తే-చల్‌తే'. ణముల్ రూపం పోయినా రెండుసార్లు పలికే అలవాటు నిలిచింది.

తొమ్మిదో మెట్టు: అరువు తెచ్చుకున్నవి విడిగా పెట్టండి

హిందీలో 'లిఖిత్', 'గత్ వర్ష్', 'దర్శనీయ్', 'వర్తమాన్', 'కర్తవ్య' కనిపించగానే "ఇదిగో క్త, ఇదిగో అనీయ" అని లెక్కలో కలిపేయకండి. ఇవి సంస్కృతం నుంచి నేరుగా తెచ్చుకున్న తత్సమాలు, మనం 'గత సంవత్సరం', 'దర్శనీయ స్థలం' అన్నట్టే. వారసత్వంగా వచ్చినది 'లిఖా', అరువుకు వచ్చినది 'లిఖిత్'. గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. కొత్తగా పుట్టిన క్రియకు ఆ ప్రత్యయం తగులుతుందా చూడండి. 'ఫిల్మానా' నుంచి 'ఫిల్మాయా' వస్తుంది, -ఇత రాదు. ప్రాణమున్న ప్రత్యయం ఏదో తెలిసిపోతుంది.

పదో మెట్టు: ఒక పూర్తి వాక్యం మీద చేసి చూడండి

తెలుగిళ్లలో చాలామందికి నోటికొచ్చే శ్లోకం, గీత మొదటి అధ్యాయంలో రెండోది:

దృష్ట్వా తు పాండవానీకం వ్యూఢం దుర్యోధనస్తదా
ఆచార్యముపసంగమ్య రాజా వచనమబ్రవీత్

హిందీలో ఇలా చెప్పుకుందాం: "వ్యూహ్ మేం సజీ పాండవ్-సేనా కో దేఖ్‌కర్ రాజా దుర్యోధన్ నే ఆచార్య కే పాస్ జాకర్ యహ్ బాత్ కహీ".

దృష్ట్వా: ఉపసర్గ లేదు కాబట్టి క్త్వా. పని పూర్వకాలం, కర్త దుర్యోధనుడు. హిందీలో 'దేఖ్‌కర్'. పని ఒకటే, రూపం మాత్రం దీని వారసుడు కాదు.

ఉపసంగమ్య: ఉప, సమ్ ఉన్నాయి కాబట్టి ల్యప్. హిందీ 'జాకర్'కు దూరపు చుట్టం ఈ -య వైపే ఉంది. ఉపసర్గలు చెప్పిన 'దగ్గరకు' అన్న అర్థాన్ని హిందీలో 'కే పాస్' మోస్తోంది.

వ్యూఢం: క్తాంతం, 'అనీకం'తో కలిసి నపుంసకం. హిందీ 'సజీ' సేనతో కలిసి స్త్రీలింగం. విశేష్యం ముందు నిలబడ్డప్పుడు 'కో' దాన్ని ఏమీ చేయలేదు, 'సజీ సేనా కో' అనే అంటాం. 'కో' వచ్చాక కలయిక ఆగిపోయేది వాక్యాన్ని ముగించే క్రియలోనే.

అబ్రవీత్: శ్లోకంలో ఉన్న ఒకే ఒక్క తిఙంతం. లింగం లేదు, కర్త 'రాజా' ప్రథమలో ఉన్నాడు. హిందీలో దాని చోట 'కహీ' వచ్చింది, అది క్తాంత వంశానికి చెందినది. 'బాత్' స్త్రీలింగం కాబట్టి స్త్రీలింగమైంది, రాజు పక్కన 'నే' చేరింది. అంటే సంస్కృత వాక్యంలో కృదంతం కాని ఏకైక క్రియ కూడా హిందీకి వచ్చేసరికి కృదంతమైపోయింది.

ఇదే పద్ధతిలో కథ చెప్పే శ్లోకాలు నాలుగైదు చేయండి. కథనంలో క్త్వా, ల్యప్, క్త దండిగా దొరుకుతాయి. తర్వాత వాదం నడిపే శాస్త్ర వాక్యాలకు వెళ్తే తవ్య, అనీయ ఎక్కువగా తగులుతాయి. ఆ తర్వాత దిశ మార్చి, హిందీ కథలో ఒక పేరా తీసుకుని సంస్కృతంలోకి తిప్పండి. 'జిస్ లడ్కే నే' అన్న చోట క్తవతు, 'జాతే హుయే' అన్న చోట విభక్తి తేల్చుకోవాల్సి వస్తుంది. కష్టమంతా ఆ తిప్పడంలోనే ఉంది, ఎక్కువ నేర్పేదీ అదే.